మెరుపు మాత్రలూ, అమ్మమ్మ పొడీ

ఇంటి నుంచి, వెనక వరండాలో కూర్చుని

నా పిచ్చుకకి అమ్మమ్మ రాసేది,

నువ్వు బాగున్నావనే అనుకుంటున్నాను. అయినా బాగున్నావో లేదో రాయి. నిన్న మీ అమ్మ నీతో ఫోన్లో మాట్లాడుతుంటే పక్కనే ఉన్నాను. నా చెవుల సంగతి నీకు తెలుసుగా, ఫోను ఏ చెవికి పెట్టుకున్నా ఈగలు ముసిరినట్టే ఉంటుంది. నువ్వేదో చెప్పావు, మీ అమ్మ నవ్వింది. ఏమిటే అంటే, "ఏం లేదమ్మా, నీ మనవరాలు ముఖం మెరవడానికి మాత్రలు వేసుకుంటోందట" అనేసి, బ్రెడ్డు ఫ్యాక్టరీకి ఆలస్యమైపోతోందని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడకి అక్కడితో అయిపోయింది. నాకు అక్కడ మొదలైంది.

ముఖం మెరవడానికి మాత్రలేమిటే? ముఖం బయట ఉంటుంది, మాత్ర కడుపులోకి పోతుంది. కడుపులోకి పోయింది ముఖం దాకా దారి వెతుక్కుంటూ ఎలా వస్తుంది? మధ్యలో దారి తప్పితే? మధ్యలో లివరుంది. మీ తాతయ్యని తీసుకుపోయింది ఆ లివరే. నువ్వప్పటికి పుట్టలేదు. ముందు కళ్ళు పచ్చబడ్డాయి, తర్వాత ఒళ్ళు పచ్చబడింది, ఆ తర్వాత మనిషే లేడు. కామెర్లంటే నాకు ఆ పేరు తల్చుకోవడమే భయం.

అసలు నీ ముఖానికేం వచ్చింది? నీళ్ళు పోసి తుడిచిన ముఖం, నాకు తెలియని ముఖమా అది?

ఈ ఆలోచనలో పడి నిన్న టైలరు ఇచ్చిన చొక్కాకి ఎడమవైపు తియ్యాల్సిన కాజాలు కుడివైపు తీశాను. ఆయన చొక్కా ఎత్తి చూసి, "పెద్దమ్మా, ఇది అద్దంలో చూసుకుని తొడుక్కోవాలా?" అన్నాడు. నవ్వాడులే, కానీ గుడ్డ పాడైంది.

ఆ మాత్రలు ఏ రంగు, ఎవరిచ్చారు, అన్నం ముందా తర్వాతా, అన్నీ రాయి. నాకూ కొన్ని పంపు. మందుల షాపతనికి చూపిస్తాను.

అమ్మమ్మ


హాస్టలు నుంచి, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం

అమ్మమ్మా,

ముందు ఊపిరి పీల్చుకో. పీల్చుకున్నావా? ఇప్పుడు చదువు.

నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. ఎటు తిరిగినా అద్దాలే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా ముఖం నేనే చూసుకుంటూ ఉండాలి, అదో శిక్ష. మొన్న మా మేడమ్ ఒక కస్టమరు ముందరే అంది: "ఈ ఫ్రేము పెట్టుకుంటే అందంగా ఉంటారని చెప్పాల్సిన పిల్లవి, నువ్వే నిద్రమొహంతో నిలబడితే ఎవరు నమ్ముతారు?" ఆ కస్టమరు పాపం నా వైపు జాలిగా చూసి ఫ్రేము కొనకుండానే వెళ్ళిపోయాడు.

సంగతేమిటంటే, నాలుగు రోడ్ల దగ్గర కొత్త షాపు తెరుస్తున్నారు. పని నేర్చుకుంటున్న మా ఇద్దరిలో ఒకరిని అక్కడ ముందు కౌంటర్లో పెడతారు. రెండోవాళ్ళు ఇక్కడే వెనక గదిలో లెన్సులు అరగదీసుకుంటూ ఉండాలి. నాకు కౌంటరు కావాలమ్మమ్మా. అందుకే ఇదంతా.

మాత్రలిచ్చింది నా గదిలో ఉండే పొడుగమ్మాయి. యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. గాలి తగిలి ఇనుముకి తుప్పు పట్టినట్టే మనకీ లోపల పడుతుందట, ఇవి దాన్ని ఆపుతాయట. విషమేం కాదు, క్యారెట్లలో గుమ్మడికాయలో ఉండే సత్తువే. నారింజ రంగులో గుండ్రంగా, మెరుస్తూ ముద్దుగా ఉంటాయి. మాత్రలొక్కటే కాదు, పెందలాడే పడుకుంటున్నాను, నీళ్ళు బాగా తాగుతున్నాను, ఎండలో గొడుగు వేసుకుంటున్నాను, లిఫ్టు మానేసి మెట్లెక్కుతున్నాను. ఇవన్నీ నువ్వు చిన్నప్పుడు చెప్పినవే, అప్పుడు వినలేదు, ఇప్పుడు పొడుగమ్మాయి చెబితే వింటున్నాను. తిట్టుకోకు.

ఒక చిన్న సీసా పంపుతున్నాను. మందుల షాపతనికి చూపించి నిశ్చింతగా ఉండు.

నీ పిచ్చుక


ఇంటి నుంచి, వంటగది గట్టు మీద

నా పిచ్చుకకి,

సీసా అందింది. షాపతనికి చూపించాను, ఏం ఫరవాలేదన్నాడు. సీసా చేతిలోకి తీసుకోకుండానే అన్నాడు, అదే నాకు అర్థం కావట్లేదు.

తుప్పు సంగతి చదివాక తోచడం లేదు. ఈ లెక్కన నాకు లోపల ఎంత తుప్పు పట్టి ఉండాలి? మోకాళ్ళు కిర్రుమనేది అందుకేనా?

నువ్వు రాసిన అలవాట్లు నేనూ మొదలుపెట్టాను కానీ ఒకదానికీ ఒకదానికీ పొసగడం లేదు. నీళ్ళు బాగా తాగమన్నావు, పెందలాడే పడుకోమన్నావు. తాగి పడుకుంటే నిద్రెక్కడిది, బాత్రూమ్‌కీ మంచానికీ తిరగడమే సరిపోతోంది. ఎండ ముఖానికి మంచిది కాదన్నావు. టైలరు భార్యేమో ఎముకలకి ఎండే మందు, పొద్దున్నే కూర్చోమంటుంది. ఎవరి మాట కాదనగలను? వరండాలో కాళ్ళు ఎండలో పెట్టి ముఖం నీడలో పెట్టి కూర్చుంటున్నాను. నీడ జరిగినప్పుడల్లా నేనూ జరుగుతున్నాను. మీ అమ్మ చూసి, "గడియారం ముల్లులా తిరుగుతున్నావేంటమ్మా?" అంది.

క్యారెట్ల సత్తువే అయితే సీసా ఎందుకు, ఇంట్లో క్యారెట్లు లేవా? అందుకని బోలెడు తెప్పించి, తురిమి, నీడలో ఆరబెట్టి, గుమ్మడికాయ ముక్కలు కూడా ఎండబెట్టి కలిపి పొడి కొట్టాను. టైలరు దారాలు కొనడానికి మీ ఊరొస్తున్నాడు, ఆయన చేతికి డబ్బా ఇస్తున్నాను. పొద్దునా సాయంత్రం పాలలో కలుపుకుని తాగు. మాత్రలూ మానకు. మానితే మంచిదేమో కూడా. నాకు తెలియడం లేదు, నువ్వే చూసుకో.

భయపడకుండా తిను. ఎప్పటిలాగే ముందు నేను తిని చూశాను. నీ పాలగ్లాసులో మొదటి గుక్క నాదే అని మీ అమ్మ నన్నెంత సాధించేదో గుర్తుందా? "పిల్లకి పడుతుందో లేదో చూడటానికి సగం గ్లాసు తాగాలా?" అనేది. తాగకపోతే ఎలా తెలుస్తుంది మరి?

అమ్మమ్మ


హాస్టలు నుంచి

అమ్మమ్మా, నా బంగారు అమ్మమ్మా,

నీ పొడి ముందు పొడుగమ్మాయి మాత్రలు దిగదుడుపే! పాలలో వేసుకుంటున్నాను, బ్రెడ్డు మీద చల్లుకుంటున్నాను, ఏమీ లేకపోతే చెంచాతో ఉత్తగా తినేస్తున్నాను. డబ్బా అడుగు కనిపిస్తోంది, ఇంకోటి పంపు.

ఇవాళ ఏమైందో తెలుసా? మేడమ్ నన్ను లైటు కింద నిలబెట్టి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఏం వాడుతున్నావే? ముఖం బంగారంలా ఉంది" అంది. ఫ్రేములు చూసినట్టు చూసిందనుకో. మా షాపులో కళ్ళు పరీక్ష చేసే ఆయన ఉన్నాడే, ఎప్పుడూ నవ్వని మనిషి, ఆయన కూడా, "ఏమ్మా, ఈమధ్య వెలిగిపోతున్నావు" అన్నాడు. ఈ వారమంతా ముందు నేనే నిలబడాలట. రెండో అమ్మాయి ముఖం మాడిపోయింది. పాపం అనిపించింది, కాసేపే.

నీ పిచ్చుక


ఇంటి నుంచి

నా పిచ్చుకకి,

ఉత్తరం చదివి సంతోషించాను. సంతోషం టీ చల్లారేదాకా ఉంది. తర్వాత ఒక మాట పట్టుకుంది. ముఖం బంగారంలా ఉందని అందా, బంగారం రంగులో ఉందని అందా? రెండూ ఒకటి కాదే. మేడమ్‌ని అడిగి రాయి. వద్దు, అడగకు, బాగోదు. ఒక ఫోటో తీయించుకుని పంపు. ఫోనులోది కాదు, మీ అమ్మ ఫోను అద్దం పగిలింది, అందులో అందరికీ ముఖం మీద గీతలే. కాగితం మీద పంపు.

కళ్ళు ఎలా ఉన్నాయి? తెల్లగుడ్డు తెల్లగానే ఉందా?

రెండో డబ్బా పంపుతున్నాను. పంపనా వద్దా అని రెండుసార్లు మూట విప్పాను. నువ్వు అడిగావు, పంపకపోతే బెంగపడతావు, పంపితే నాకు బెంగ. చివరికి నా బెంగే మేలనుకున్నాను, నాకు అలవాటే కదా.

ఇక్కడ విశేషాలేం లేవు. టైలరుకి తెల్లచొక్కాలు నాకివ్వద్దన్నాను, నల్లవీ ముదురు రంగువీ ఇమ్మన్నాను. తెల్లదారం తెల్లగుడ్డ మీద కనపడ్డం లేదు, అంతే. మీ అమ్మ నా చేతులు చూసి ఏదో అడగబోతే, వంటలో పసుపు అంటిందని చెప్పాను. అంటింది కూడా.

అమ్మమ్మ


హాస్టలు నుంచి

అమ్మమ్మా,

ఈ ఉత్తరం అమ్మకి చూపించకు.

నిన్న ఒక పెద్దావిడకి కళ్ళజోడు చెవుల వెనక సరిచేస్తున్నాను. ఆవిడ ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుని అరచేయి తిప్పి చూసింది. "ఏమ్మాయ్, నీకు కామెర్లా?" అంది. షాపంతా వినపడింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఆ కళ్ళజోడు వద్దు, ఈ పిల్ల ముట్టుకోనిది ఇంకోటి తెమ్మంది.

నిజమే అమ్మమ్మా. అరచేతులు పచ్చగా ఉన్నాయి. అరికాళ్ళు కూడా. ముక్కు పక్కన ఇంకా ఎక్కువ. ఇన్నాళ్ళూ నేను మెరుపనుకున్నది అదే. షాపు లైట్లన్నీ పసుపు రంగువి, అందుకే ఎవరికీ తెలియలేదు.

మేడమ్ వెనక గదిలోకి వెళ్ళమని చెయ్యి చూపించింది. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రక్తం తీసుకుని చూసి కామెర్లేం లేవు, లివరు బాగానే ఉందన్నాడు. మరి ఈ రంగేమిటంటే ఆయనా ఆలోచనలో పడ్డాడు. ఏమన్నా మందులు వాడుతున్నావా అని అడిగాడు. మాత్రల సంగతి చెబితే డాక్టర్లు తిడతారని పొడుగమ్మాయి దారి పొడుగునా చెప్పింది. అందుకని లేదన్నాను. పెద్దవాళ్ళనెవరినైనా తీసుకుని మళ్ళీ రమ్మన్నాడు.

రక్తంలో లేని రోగం చేతుల్లోకి ఎలా వస్తుంది? నాకేం అర్థం కావట్లేదు. నువ్వు వస్తావా? ఫోటో పెట్టాను చూడు.

నీ పిచ్చుక


ఇంటి నుంచి

తల్లీ,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఫోటో కిటికీ దగ్గర చూశాను, గుమ్మం బయట చూశాను, టైలరు భూతద్దం తెచ్చుకుని చూశాను. అందులో నువ్వూ పచ్చగానే ఉన్నావు, నీ వెనక గోడా పచ్చగానే ఉంది, కుర్చీ కూడా. నేను దేన్ని నమ్మాలి? కళ్ళు రాయమన్నాను, రాయలేదు. ముందు కళ్ళు చూసుకో. వెలుతురులో చూసుకో. షాపులో అన్ని అద్దాలు పెట్టుకుని కళ్ళ గురించి ఒక్క ముక్క రాయవేం?

మాత్రలు ఆపెయ్యి. ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో, కాస్త కాస్త తగ్గించు. పొడి మాత్రం అసలు ముట్టుకోకు, బయట పారెయ్యి. ఎందుకని అడగకు. డబ్బా కూడా ఎవరూ ముట్టుకోనిచోట పారెయ్యి, నీ చేతులు సబ్బుతో కడుక్కో.

నేను రాలేను పిచ్చుకా. రావాలని లేక కాదు. సంచి సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. నేను నీ దగ్గరికి రాకూడదు. ఇంకోసారి పిలవకు, పిలిస్తే ఆగలేను.

నా కుట్టు కత్తెర ఉంది కదా, నల్ల పిడిది, నువ్వు చిన్నప్పుడు కాగితాలు కోసి నాచేత తిట్లు తిన్నది. అది నీకే. మీ అమ్మకి చెప్పి ఉంచుతాను.

అమ్మమ్మ


షాపు వెనక గది నుంచి

అమ్మమ్మా,

కత్తెర నాకెందుకు? దాన్నేం చేసుకోను, లెన్సులు కోసుకోనా? కత్తెర ఎవరైనా ఊరికే ఇస్తారా? నీ ఉత్తరం చదువుతుంటే అరగదీస్తున్న లెన్సు చేతిలోంచి జారి పగిలింది.

కళ్ళు అడిగావు కదా. షాపులో కళ్ళు పరీక్ష చేసే ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి దీపం వేసి చూశాడు. తెల్లగుడ్లు పాలలా ఉన్నాయట, పచ్చదనం చుక్కంత కూడా లేదట. సరేనా?

ఇప్పుడు నా వంతు. మీ టైలరు మొన్న షాపుకొచ్చాడు, చత్వారం కళ్ళజోడు కోసం. నీ గురించి అడిగితే తల గోక్కున్నాడు. "పెద్దమ్మకి ఏమైందో తెలియదమ్మా. తెల్లగుడ్డ ఇస్తే దణ్ణం పెట్టి వెనక్కిచ్చేస్తోంది. టీ ఇస్తే మా గ్లాసులో తాగనంటోంది, ఇంటి నుంచి వేరే గ్లాసు తెచ్చుకుంటోంది. మా పాపని ఎత్తుకోవడం మానేసింది" అన్నాడు.

అమ్మమ్మా, నీ అరచేతులు ఏ రంగులో ఉన్నాయి?

పసుపు అంటిందని నాతో అనకు. నేను అమ్మని కాదు. నీకు దాచడం చేతకాదు, నీ అబద్ధం పక్కనే ఇంకో వాక్యం కూర్చుని చెప్పేస్తుంది. వెంటనే రాయి. రాయకపోతే అమ్మకి ఫోన్ చేసి అన్నీ చెప్పేస్తాను.

నీ పిచ్చుక


ఇంటి నుంచి, తలుపు వేసుకుని

నా తల్లికి,

పచ్చగానే ఉన్నాయి.

నీకంటే ముందే మొదలైంది. ఒకరోజు తెల్లచొక్కాకి కాజా తీస్తుంటే గుడ్డ మీద నా చెయ్యి వేరే మనిషి చెయ్యిలా కనిపించింది. కడిగాను, రుద్దాను, రాయితో కూడా రుద్దాను. పోలేదు. మీ తాతయ్య చెయ్యి గుర్తొచ్చింది. మీ అమ్మకి చెబితే పని మానుకుని ఆసుపత్రుల చుట్టూ తిరుగుతుంది, నా వయసుకి ఎందుకా తిప్పలు అనుకున్నాను. నాకు నా సంగతి బాధ లేదు, పోయేదాన్నే. నీది కౌంటరు ముందు నిలబడాల్సిన వయసు.

నువ్వు రాసిన ఉత్తరం చదివాక తెలిసింది నేనేం చేశానో. ఆ పొడి నేను ఈ చేతులతోనే తురిమాను, ఈ చేతులతోనే డబ్బాలో కుక్కాను. రెండో డబ్బా పంపేటప్పటికే నా చేతులు పచ్చగా ఉన్నాయి. నా రోగం డబ్బాలో పెట్టి, మూత బిగించి, నీకు పంపాను పిచ్చుకా. అందుకే రానన్నాను. వచ్చి ఇంకేం అంటించను?

ఇంకోటి కూడా ఉంది. అన్నీ చెప్పేస్తున్నాను, ఇక కడుపులో ఉంచుకోలేను. నువ్వు పంపిన సీసా షాపతనికి చూపించానన్నాను కదా. చూపించాను, కానీ ఆయన సరిగ్గా చూడలేదు కదా. నీ కడుపులోకి ఏం పోతోందో నాకెలా తెలుస్తుంది? అందుకని నువ్వు వేసుకునే వేళకి నేనూ ఒకటి వేసుకున్నాను. పొడి కూడా, నువ్వు పాలు తాగే వేళకి నేనూ తాగాను. నువ్వు బ్రెడ్డు మీద చల్లుకున్నానంటే నేనూ చల్లుకున్నాను. నీకేమన్నా అయ్యేదుంటే ముందు నాకు తెలియాలని. తెలిసింది, కానీ ఏం తెలిసిందో తెలియలేదు.

కళ్ళు నేను చూసుకోలేను. నా చూపుకి అద్దంలో అంతా మసకే.

అమ్మమ్మ


హాస్టలు నుంచి

ఓసి పిచ్చి అమ్మమ్మా!

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడే చదివాను. నువ్వు అక్కడ, నేను ఇక్కడ. మధ్యలో ఇంత దూరం. ఒకే రంగు. అంటుకునేదైతే ముందు నా పక్క మంచం మీద పడుకునే పొడుగమ్మాయికి అంటాలి కదా, అదేమో తెల్లగా నిక్షేపంలా ఉంది. అది వేసుకునేది మాత్రలొక్కటే. నీకూ నాకూ ఉన్నదీ, దానికి లేనిదీ ఏమిటి?

డబ్బా పారెయ్యలేదు నేను, నువ్వు పంపింది పారెయ్యడానికి మనసు రాక మంచం కింద పెట్టాను. అదీ, మాత్రల సీసా, నీ ఉత్తరం పట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. తిట్టాడు. మాత్రలు వేసుకున్నందుకు కాదు, అడిగితే లేదన్నందుకు. తర్వాత డబ్బా మూత తీసి వాసన చూసి, "ఇదెంత తిన్నావమ్మా?" అన్నాడు. చెప్పాను. "మీ అమ్మమ్మో?" అన్నాడు. అదీ చెప్పాను. కుర్చీ వెనక్కి వాల్చి నవ్వాడు చూడు, బయట నర్సు తొంగి చూసింది.

క్యారెట్లలో గుమ్మడికాయలో ఉండే రంగే అమ్మమ్మా. మాత్రల్లోనూ అదే. కాస్త తింటే మంచిదే, మనలా తింటే ఒంట్లో పట్టనంత అయిపోయి చర్మంలో పేరుకుంటుందట. కామెర్లయితే కళ్ళు పచ్చబడతాయి, ఇందులో కళ్ళు తెల్లగానే ఉంటాయి. ఏం ప్రమాదం లేదు. రెండూ ఆపేస్తే నెమ్మదిగా, రెండు మూడు నెలల్లో, దానంతటదే పోతుంది. నీ రోగం నాకు రాలేదు. మనిద్దరికీ రోగమే లేదు. మనం తిన్నది ఒకటే, అంతే. అయినా నీ కళ్ళు అమ్మకి చూపించి, ఒకసారి రక్తం కూడా పరీక్ష చేయించమన్నాడు, నువ్వు మామూలుగా నమ్మవని నేను చెబితే.

కొత్త కౌంటరు రెండో అమ్మాయికిచ్చారు. రంగు పోయాక చూద్దామంది మేడమ్. ఏడ్చాను, ఒక పూట. తర్వాత లెన్సు అంచు సరిగ్గా ఫ్రేములో కూర్చునేలా అరగదీయడం వచ్చేసింది. ఇంకో సంగతి, వెనక గదిలో ఒక్క అద్దం కూడా లేదు. ఎంత హాయిగా ఉందో.

పెందలాడే పడుకోవడం, నీళ్ళు, మెట్లు మాత్రం మానను. నువ్వూ నీడ వెంట తిరగడం మానేసి తిన్నగా కూర్చో.

వచ్చే ఆదివారం వస్తున్నాను. కత్తెర నీ దగ్గరే ఉంచు. ఇంకెప్పుడూ నా దగ్గర ఏమీ దాచనని రాసి పంపు.

నీ పిచ్చుక


ఇంటి నుంచి, వరండాలో, సగం ఎండలో

నా పిచ్చుకకి,

మీ అమ్మ టార్చిలైటు వేసి కళ్ళు చూసింది. తెల్లగానే ఉన్నాయంది. తర్వాత అరచేతులు తిప్పి చూసి, చాలాసేపు పట్టుకుంది. ఆ తర్వాత తిట్టింది. ఎంత తిట్టిందంటే నా చెవులకి కూడా బాగా వినిపించింది. రక్తం పరీక్ష అయింది, అందులోనూ ఏం లేదన్నారు. మీ తాతయ్య గుర్తొచ్చి ఇంటికొచ్చాక కాసేపు పడుకున్నాను.

టైలరు పాపని ఎత్తుకున్నాను. తెల్లచొక్కాలు తెచ్చుకున్నాను. గుడ్డ మీద చెయ్యి ఇంకా పచ్చగానే ఉంది కానీ ఇప్పుడు చూసి బెదరడం లేదు.

నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. మంచిది ఎక్కువైతే చెడా? ఎంతకి ఎక్కువ? నీళ్ళకి కూడా అంతేనా? నిద్రకి? నువ్వొచ్చాక నిదానంగా చెప్పు, కుడి చెవి వైపు కూర్చుని.

ఏమీ దాచనని రాయమన్నావు. రాస్తున్నాను, దాచను. అందుకే ఇది కూడా చెప్పాలి. మిగిలిన పొడి పారేసి డబ్బా కడిగేశానని మీ అమ్మతో అన్నాను. కడగలేదు. అడుగున కాస్త ఉంది. డాక్టరు చెప్పింది నాకు అర్థమైంది, తినకూడదని తెలుసు. కానీ పొద్దున నా బొటనవేలు దగ్గర రంగు కాస్త తగ్గినట్టనిపించింది. నీకు తగ్గిందో లేదో నువ్వు రాయలేదు. నీకు తగ్గకుండా నాకు ముందు తగ్గిపోతే ఎలా అని భయమేసింది. నీ చెయ్యి అక్కడ ఒక్కటే పచ్చగా ఉంటుంది కదా అని.

ఒక్క చెంచానే తిన్నాను. ఆదివారం రాగానే ముందు చేతులు చూపించు. ఇద్దరివీ పక్కపక్కన పెట్టి చూసుకుందాం. ఆ తర్వాత డబ్బా నువ్వే కడుగు.

అమ్మమ్మ